ఫలక్‌నుమా: నవాబు కట్టిన ఇల్లు హోటల్‌గా ఎలా మిగిలింది?

మూసీతీరం:
సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో ఫలక్‌నుమా ప్యాలెస్ ప్రస్తావన చాలా చర్చల్లో వచ్చింది కానీ, దాని కథను మొదటి నుంచి ఒక వరుసలో మాట్లాడుకున్న సందర్భం నాకు కనిపించలేదు. అది ఇప్పుడు తాజ్ సంస్థ నడిపే హోటల్. పత్రికల్లో దాని పేరు పెళ్లిళ్ల వార్తల్లోనో, విదేశీ అతిథుల విందు వార్తల్లోనో తప్ప కనిపించడం లేదు. నాకు మూడు సందేహాలున్నాయి. ఒక పాయిగా నవాబు కట్టుకున్న ఇల్లు నిజాం చేతికి ఎలా వెళ్లింది? అంతటి భవనం దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఎందుకు తాళం వేసి ఉండిపోయింది? దాన్ని హోటల్‌గా మార్చడం ఆ భవనానికి మేలు చేసిందా, కీడు చేసిందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతకాగితాలు:
మంచి చర్చ మొదలుపెట్టారు. మొదటి సందేహానికి జవాబు చెప్పాలంటే కట్టించిన మనిషి దగ్గర మొదలుపెట్టాలి.

శంకుస్థాపన 1884 మార్చి 3న జరిగింది. దానికి సుమారు ఒక నెల ముందు, అంటే 1884 ఫిబ్రవరిలో, యుక్తవయసుకు వచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు వైస్రాయ్ లార్డ్ రిపన్ సమక్షంలో పూర్తి అధికారాలు అప్పగించారు. అంతకుముందు పదిహేనేళ్లు ఆయన పేరు మీద ఇతరులే పాలన నడిపారు. కొత్తగా అధికారం చేతికొచ్చిన యువ నిజాం చుట్టూ ఏ ప్రభువు ఎంత దగ్గర అన్న పోటీ నడుస్తున్న ఆ రోజుల్లోనే, చార్మినార్‌కు దక్షిణంగా ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కోహితూర్ గుట్ట మీద నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా పునాది వేశారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఇల్లు కేవలం కాపురానికి కట్టుకున్నది కాదని నాకు అనిపిస్తుంది. నగరం ఎటు చూసినా తల ఎత్తి చూడవలసిన చోట అది ఉంది.

వికార్-ఉల్-ఉమ్రా పాయిగా వంశీయుడు. పాయిగాలు నిజాం సొంత సైన్యాన్ని పోషించే బాధ్యత గలవారు, అందుకు ప్రతిగా విస్తారమైన జాగీర్లు అనుభవించేవారు. హోదాలో నిజాం కుటుంబం తర్వాత వారిదే స్థానం. పైగా వికార్-ఉల్-ఉమ్రా భార్య ఐదో నిజాం కుమార్తె, అంటే ఆయన మహబూబ్ అలీ ఖాన్‌కు స్వయానా బావ. 1893 నుంచి 1901 వరకు రాజ్యానికి ప్రధానమంత్రిగా కూడా పనిచేశారు.

భవనం నమూనా ఇచ్చినవాడు విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయుడని చెబుతారు. ముందు వైపు స్తంభాలూ, మెట్లూ, ఇటాలియన్ పాలరాయీ చూస్తే ఇటలీలో ఉన్నామా అనిపిస్తుంది. వెనక వైపు స్త్రీల నివాసమైన జనానా భాగానికి వెళ్తే మళ్లీ మన దేవిడీల, అంటే నవాబుల పాత ఇళ్ల, పద్ధతిలో పెద్ద ఆవరణలు కనిపిస్తాయి. పై నుంచి చూస్తే భవనం ఆకారం తేలులా ఉంటుందని, ఉత్తరానికి చాచిన రెండు రెక్కలు దాని కొండీలని అందరూ చెప్పుకొనే మాట. కట్టడానికీ, లోపలి సామగ్రి అమర్చడానికీ కలిపి తొమ్మిదేళ్లు పట్టింది.

వికారాబాద్‌వాసి:
పాతకాగితాలు గారికి ధన్యవాదాలు. మా ఊరి పేరు ఈ నవాబు పేరు మీదే వచ్చింది. మా వైపు పెద్దలు ఇప్పటికీ ఫలక్‌నుమాను "మా నవాబు ఇల్లు" అనే చెప్పుకొంటారు. నిజాం దాన్ని కొన్నాడని కొందరు, నవాబు కానుకగా ఇచ్చేశాడని కొందరు అంటుంటారు. నేను రెండూ విన్నాను. ఏది నిజం?

చరిత్ర_విద్యార్థిని:
వికారాబాద్‌వాసి గారూ, నా ఉద్దేశంలో ఆ రెండు మాటలూ ఒకే లావాదేవీకి రెండు ముఖాలు.

ముందు డబ్బు సంగతి. ఈ భవనం ఖర్చు నవాబు అంచనాలన్నిటినీ దాటిపోయింది. సొంత ఆదాయం చాలక బ్యాంక్ ఆఫ్ బెంగాల్ నుంచి అప్పు తెచ్చారని చరిత్రకారులు రాశారు. జాగీరు ఎంత పెద్దదైనా రాబడి పంటల మీద, శిస్తుల మీద ఆధారపడి ఏడాదికోసారి వచ్చేదే. యూరప్ నుంచి ఓడల్లో వచ్చే పాలరాయికీ, ఫర్నిచర్‌కూ, షాండ్లియర్లకూ మాత్రం రొక్కం వెంటవెంటనే చెల్లించాలి. ఆ తేడాను పూడ్చింది అప్పే. రాజ్యానికి ప్రధానమంత్రిగా ఉన్న మనిషి బ్రిటిష్ ఇండియాలోని బ్యాంకుకు బాకీ పడి ఉండటం ఎంత ఇబ్బందికరమో ఊహించవచ్చు.

ఇక బదిలీ సంగతి. నిజాం అతిథిగా వచ్చి ఉండటం, భవనాన్ని పదేపదే మెచ్చుకోవడం, దాంతో నవాబు దాన్ని నజరుగా, అంటే ప్రభువుకు ఇచ్చే కానుకగా, సమర్పించడం, నిజాం స్వీకరించి దాని విలువ చెల్లించడం, ఇదీ స్థూలంగా అందరూ చెప్పే కథ. నజరు సమర్పించమని సలహా ఇచ్చింది నవాబు బేగమేనని కూడా ఒక కథనం ఉంది. ఇదంతా 1897 ప్రాంతంలో జరిగింది. ఆసఫ్‌జాహీ దర్బారులో నజరు సమర్పించేవాడు అమ్మకందారు కాడు, స్వీకరించే ప్రభువు కొనుగోలుదారూ కాడు. ప్రభువు ఇచ్చిన సొమ్ము ధర అనిపించుకోదు, అనుగ్రహం అనిపించుకుంటుంది. ఈ మర్యాద వల్ల అప్పుల్లో ఉన్న మంత్రికి పరువు దక్కింది, నిజాంకు భవనం దక్కింది. మీ ఊరి పెద్దలు "ఇచ్చేశాడు" అన్నా, నగరంలో "కొన్నాడు" అన్నా తప్పు పట్టనక్కరలేదు. చెల్లించిన మొత్తం విషయంలో మాత్రం ఇరవై లక్షల నుంచి అరవై లక్షల వరకు ఎవరికి తోచిన అంకె వారు రాస్తున్నారు కాబట్టి, దాని మీద వాదన పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

పాతకాగితాలు:
చరిత్ర_విద్యార్థిని గారి వివరణతో ఏకీభవిస్తున్నాను. ఒక్క సంగతి జోడిస్తాను. భవనాన్ని ఇచ్చేశాక వికార్-ఉల్-ఉమ్రా కట్టడాలు మానుకున్నాడని అనుకోకండి. బేగంపేటలో స్పానిష్ మసీదుగా పేరు పడిన మసీదుకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. పాయిగా వారికి ఇళ్లు కట్టడం ఒక వ్యసనమని ఊరకే అనలేదు.

మూసీతీరం:
మరి నిజాం దాన్ని తీసుకున్నాక అందులో నివసించాడా? మహబూబ్ అలీ ఖాన్ ఎక్కువగా పురానీ హవేలీలోనే ఉండేవాడని చదివాను.

పాతబస్తీ_పాఠకుడు:
మీరు చదివింది నిజమే. పురానీ హవేలీయే ఆయన నివాసం. ఆయన దుస్తుల కోసం కట్టిన సుదీర్ఘమైన అల్మారా ఇప్పటికీ అక్కడే ఉంది. ఫలక్‌నుమాను ఆయన ప్రధానంగా అతిథుల కోసం, అప్పుడప్పుడు తన విశ్రాంతి కోసం వాడుకున్నారు. 1906లో వేల్స్ యువరాజు దంపతులు, అంటే తర్వాత ఐదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి అయినవారు, హైదరాబాద్ వచ్చినప్పుడు బస ఇక్కడే. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది కూడా ఫలక్‌నుమాలోనే. పాతబస్తీలో ఆయన్ను ఇప్పటికీ మహబూబ్ అలీ పాషా అని ఆప్యాయంగా తలుచుకుంటారు, పాము కాటుకు ఆయన పేరు చెబితే విషం దిగుతుందని నమ్మినవాళ్లు మా తాతల తరంలో ఎందరో ఉండేవారు.

ఆయన కుమారుడు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, తన నివాసమైన కింగ్ కోఠీని వదిలిపెట్టలేదు. ఫలక్‌నుమా పూర్తిగా రాజ్య అతిథిగృహం అయిపోయింది. రెండతస్తుల ఎత్తు సాగే మెట్ల దారి, దాని గోడ మీద బ్రిటిష్ గవర్నర్ జనరళ్ల చిత్రాలు, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనశాల, విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని తలపించే చెక్కడపు పైకప్పు గల గ్రంథాలయం, లండన్‌లోని బరోస్ అండ్ వాట్స్ వారి బిలియర్డ్స్ బల్ల, ఇవన్నీ వచ్చేవారి కళ్లు చెదరడానికి పెట్టినవే కదా! భోజనశాలలో ఆ చివరి మాట ఈ చివరికి వినిపించేలా ధ్వని ఏర్పాటు ఉందని చూపించేవాళ్లు చెబుతారు. రాజు గారు ఒక కొస కూర్చుని ఏం గొణుక్కున్నా రెండో కొసన కూర్చున్న అతిథికి తెలిసిపోతుందన్నమాట. దౌత్యానికి అంత మంచి ఏర్పాటు కాదేమో.

చివరి పెద్ద అతిథి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్, 1951లో. ఆ తర్వాత భవనం దాదాపుగా మూతపడింది.

వికారాబాద్‌వాసి:
జాకబ్ వజ్రం ఏడో నిజాంకు తండ్రి చెప్పు ముందు భాగంలో దొరికింది ఈ ప్యాలెస్‌లోనే అని ఒక వీడియోలో చెప్పారు.

పాతబస్తీ_పాఠకుడు:
ఆ ఉదంతాన్ని నిజాంల దర్బారు భవనమైన చౌమహల్లాకు చెందినదిగానే చెబుతారు. ఫలక్‌నుమాకు దానితో సంబంధం లేదు. ఆ వజ్రం ప్రస్తుతం భారత ప్రభుత్వానిది; 1995లో నిజాం ఆభరణాలతో పాటు కొనుగోలు చేశారు.

చరిత్ర_విద్యార్థిని:
మూసీతీరం గారి రెండో సందేహానికి, అంటే భవనం ఎందుకు మూతపడింది అన్నదానికి, "పట్టించుకోలేదు" అని ఒక్క మాటలో జవాబు చెప్పడం సులువు. కానీ ఎవరు పట్టించుకోవాలన్నదే అసలు చిక్కు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో విలీనమైంది. ఉస్మాన్ అలీ ఖాన్ 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధినేతగా, కొనసాగారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో ఆ పదవీ పోయింది. రాజ్యమే లేనప్పుడు రాజ్య అతిథిగృహంతో పనేముంది? ఫలక్‌నుమా ప్రభుత్వ ఆస్తి కాలేదు, నిజాం కుటుంబం సొంత ఆస్తిగానే మిగిలింది. అంటే అతిథులను పంపే ప్రభుత్వం దూరమైంది, నిర్వహణ ఖర్చు మాత్రం కుటుంబం మీద మిగిలింది. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ మరణించాక వారసత్వం కుమారులకు కాక మనవడు ముకర్రం జాకు వచ్చింది. వేల మంది సిబ్బంది, పెద్ద సంఖ్యలో హక్కుదారులు, పన్నులు, కోర్టు వ్యాజ్యాలు అన్నీ దాంతోపాటే వచ్చాయి. 1971లో రాజ్యాంగ సవరణతో మాజీ రాజులకు ప్రభుత్వం ఇచ్చే రాజభరణాలు రద్దయ్యాయి. ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి పశువుల క్షేత్రంలో స్థిరపడ్డారు. ఇక్కడ తాళాలు పడ్డాయి.

అయితే ఆ తాళాల వల్ల కలిగిన మేలు కూడా ఒకటుంది. నగరంలో చాలా భవనాలను కార్యాలయాలకు అద్దెకిచ్చి, గదులకు చెక్క అడ్డుగోడలు పెట్టి, పాలరాతి మీద ఫైళ్ల బీరువాలు నిలబెట్టారు. ఫలక్‌నుమాకు ఆ గతి పట్టలేదు. అది పాడైంది కానీ రూపం మారలేదు.

గచ్చుపని:
చరిత్ర_విద్యార్థిని గారి చివరి మాట చాలా ముఖ్యమైనది. నేను పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉన్నాను. ఫలక్‌నుమా పనిలో నా పాత్ర ఏమీ లేదు, కానీ ఇటువంటి ఇళ్లు మూతపడితే లోపల ఏం జరుగుతుందో చెప్పగలను.

ఆ కాలపు మన కట్టడాలన్నీ గానుగ సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీరు, మారేడు గుజ్జు వంటివి అవసరాన్ని బట్టి కలిపి, మెరుపు పూతకు గుడ్డు తెల్లసొన కూడా వాడేవారు. ఆ గోడ తేమను పీల్చుకొని, మళ్లీ గాలికి వదిలేస్తుంది. కిటికీలు మూసేస్తే వదిలే దారి ఉండదు. పైకప్పు మీద వాన నీటి తూము ఒక్కటి పూడుకుపోయిందంటే నీరు నిలిచి, మూడు నాలుగు వానాకాలాల్లో దూలానికి చేరుతుంది. ఆ తర్వాత కింద ఉన్న రంగుల చిత్రాలు పొరలు పొరలుగా రాలతాయి. పరదాలు, సోఫాల తోలు, పుస్తకాల అట్టలు చెదలకూ బూజుకూ ఆహారం. రాయి దృఢంగానే ఉంటుంది, లోపలి సొబగే ముందు పోతుంది. ఫలక్‌నుమా గొప్పతనంలో అధిక భాగం లోపలి సొబగే కాబట్టి దానికి ప్రమాదం రెట్టింపు.

మరమ్మతులో అన్నిటికంటే పెద్ద ఆపద సిమెంటు. సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే పైకి గట్టిగా కనిపిస్తుంది, కానీ తేమ లోపలే చిక్కుకొని ఇటుకను తినేస్తుంది. అందుకని పాత పూతను చేత్తో గీకి, నమూనా తీసి, అదే పాళ్లలో సున్నం చేసి పూయాలి. పనివాళ్లు తక్కువ, కాలం ఎక్కువ. ఫలక్‌నుమా పని 2000లో మొదలై 2010 నవంబరులో హోటల్ తెరవడంతో ముగిసిందంటే, పదేళ్లు ఎందుకు పట్టిందని అడిగేవారికి నా జవాబు ఇదే. కొక్కేలకు వేలాడే గాజు షాండ్లియర్లను విప్పి, ఒక్కొక్క బిళ్లనూ కడిగి, మళ్లీ అదే వరుసలో తగిలించడం ఒక్కటే నెలల పని. ఆ తర్వాత ఆధునిక విద్యుత్ తీగలు, గొట్టాలు, ఏసీ యంత్రాలు గోడలు తవ్వకుండా ఎక్కడి నుంచి తీసుకువెళ్లాలన్నది మరో తలనొప్పి.

మూసీతీరం:
గచ్చుపని గారూ, చాలా విలువైన వివరాలు. ఆ పని మొత్తానికి పూనుకున్నది ఎవరు? కేవలం హోటల్ సంస్థేనా?

పాతకాగితాలు:
కాదు. ముకర్రం జా మొదటి భార్య, టర్కీకి చెందిన రాకుమారి ఎస్రా, 1990లలో హైదరాబాద్ తిరిగి వచ్చి కుటుంబ ఆస్తుల వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నారు. వ్యాజ్యాలు, వారసుల హక్కులు ఒక కొలిక్కి తెచ్చే పని ముందు, భవనాల పని తర్వాత. ఆమె పూనికతోనే చౌమహల్లా పునరుద్ధరణ జరిగి మ్యూజియంగా తెరుచుకుంది, దానికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా వచ్చింది. ఫలక్‌నుమాను తాజ్ సంస్థకు లీజుకు ఇచ్చి, లోపలి అలంకరణ ఎలా ఉండాలన్న దాంట్లో ఆమె స్వయంగా పాలుపంచుకున్నారు. ఆస్తి కుటుంబానిది, నిర్వహణ హోటల్ సంస్థది.

తారామతి:
ఇంతవరకు అందరూ మెచ్చుకోలుగానే రాశారు కాబట్టి నేను కొంచెం ఎదురు చెబుతాను, క్షమించాలి. చౌమహల్లాకు టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లవచ్చు. ఆదివారాలు పిల్లాపాపలతో కుటుంబాలు వచ్చి ఖిల్వత్ దర్బారు చూసి, ఆవరణలో కూర్చుని, ఫొటోలు తీసుకుని వెళ్తాయి. ఫలక్‌నుమా గుట్ట కింద నివసించే వేలాది కుటుంబాల్లో ఎంతమంది ఆ గేటు దాటి లోపలికి వెళ్లి ఉంటారు? ఆ బస్తీ పేరు ఫలక్‌నుమా, స్టేషన్ పేరు ఫలక్‌నుమా. గుంటూరు, నల్లగొండల మీదుగా హౌరా వెళ్లే రైలు పేరు కూడా అదే. తీరాంధ్రలో చాలామందికి ఫలక్‌నుమా అంటే ప్యాలెస్ కంటే ముందు రైలే గుర్తుకొస్తుంది. అంతమంది నోళ్లలో నానే పేరు గల భవనం ఒక గది అద్దె కట్టగలిగినవారికే తెరుచుకోవడం న్యాయంగా లేదు. రెండిటినీ ఒకే కుటుంబం పునరుద్ధరించినప్పుడు రెండిటినీ మ్యూజియాలుగా ఎందుకు చేయలేదు?

చరిత్ర_విద్యార్థిని:
తారామతి గారి ప్రశ్న న్యాయమైనదే. జవాబు డబ్బులో ఉంది. చౌమహల్లాలో ముఖ్యంగా చూడవలసినవి దర్బారు మందిరాలు, ఆవరణలు. జనం గుంపులుగా నడిచినా అవి తట్టుకుంటాయి. ఫలక్‌నుమా అలా కాదు. ప్రతి గదిలోనూ వాడుక వస్తువులే ప్రదర్శన వస్తువులు. రోజుకు వేలమంది నడిస్తే తివాచీలు, కుర్చీలు, తోలు పూత ఎన్నాళ్లు ఆగుతాయి? టిక్కెట్టు సొమ్ముతో 32 ఎకరాల ఆవరణను, ఆ గాజును, ఆ పాలరాయిని కాపాడుకోవడం సాధ్యమా?

కానీ నేను మరో కోణం చెప్పదలచుకున్నాను. ఒకే తరానికి చెందిన ముగ్గురు పాయిగా ప్రభువుల ఇళ్లు తీసుకోండి. వికార్-ఉల్-ఉమ్రా కట్టిన ఫలక్‌నుమా హోటల్ అయింది. ఆయన దాయాది ఆస్మాన్ జా, వికార్-ఉల్-ఉమ్రా కంటే ముందు ప్రధానమంత్రిగా చేసినవాడు, గుట్ట మీద కోటలా కట్టించిన ఆస్మాన్‌గఢ్ పాఠశాల అయింది. వికార్-ఉల్-ఉమ్రా సొంత అన్న ఖుర్షీద్ జా దేవిడి, హుస్సేనీ ఆలంలో, ఎత్తయిన స్తంభాలతో ఒకప్పుడు ఫలక్‌నుమాకు దీటుగా నిలిచిన ఇల్లు, దశాబ్దాల పాటు కప్పు కూలి, తలుపులు ఊడి, ఆవరణలో పిల్లలు క్రికెట్ ఆడుకునే స్థలంగా మిగిలింది. అందరికీ ఎప్పుడూ తెరిచి ఉన్నది ఖుర్షీద్ జా దేవిడే. దానివల్ల ఆ ఇంటికి ఏమి దక్కిందో చూశాం.

తారామతి:
దేవిడి పాడవడానికి కారణం జనం కాదు, బాధ్యత వహించవలసినవారు వదిలేయడం. దాన్ని హోటల్‌కు అనుకూలమైన వాదనగా చూపించడం సరికాదు.

గచ్చుపని:
తారామతి గారు చెప్పినదాంట్లో పట్టు ఉంది. హోటల్ అయితే చాలు భవనం బతికిపోతుందన్నదీ నిజం కాదు. నౌబత్ పహాడ్ దగ్గర హిల్ ఫోర్ట్ ప్యాలెస్ చూడండి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సర్ నిజామత్ జంగ్ 1915లో కట్టుకున్న ఇల్లు. 1929లో నిజాం కొని రెండో కుమారుడు మొజ్జం జాకు ఇచ్చారు. తర్వాత చాలా ఏళ్లు రిట్జ్ హోటల్‌గా నడిచింది. నగరంలో పాతతరం వారికి అక్కడి విందులు బాగా గుర్తు. హోటల్ మూతపడ్డాక అది ప్రభుత్వ శాఖ చేతికి వచ్చి శిథిలమవుతూ వచ్చింది, దాని రక్షణ కోసం వారసత్వ సంస్థలు హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. అదీ హోటలే, ఇదీ హోటలే, అదీ గుట్టే, ఇదీ గుట్టే.

తేడా ఎక్కడుందంటే, నా అనుభవం మేరకు, యజమాని ఎవరో స్పష్టంగా తెలియడంలోనూ, ఆ యజమాని దీర్ఘకాలం కోసం ఆలోచించడంలోనూ ఉంది. పదేళ్లు రాబడి లేకుండా మరమ్మతుకు పెట్టుబడి పెట్టాలంటే నిర్వహించేవారికి చేతిలో దీర్ఘకాలపు లీజు ఉండాలి. ఏడాదికోసారి పొడిగించే అద్దె ఒప్పందంతో ఎవరూ గానుగ సున్నం కలపరు. రంగు వేసి సరిపెడతారు.

పాతకాగితాలు:
రాజస్థాన్ అనుభవం కూడా ఇదే చెబుతుంది. జైపూర్ మహారాజు రాంబాగ్ ప్యాలెస్‌ను 1957లోనే హోటల్‌గా మార్చారు, ఉదయపూర్ సరస్సు మధ్యలోని లేక్ ప్యాలెస్ 1963లో హోటల్ అయింది. రెండూ 1970ల ప్రారంభంలో తాజ్ సంస్థ నిర్వహణలోకి వచ్చాయి. రాజభరణాలు రద్దయ్యే నాటికే వారికి ఒక దారి సిద్ధంగా ఉంది. హైదరాబాద్‌లో వ్యాజ్యాలు తేలేసరికి మరో పాతికేళ్లు గడిచాయి. దక్కనులో మన రాజభవనాలకు కలిగిన నష్టంలో ఆ పాతికేళ్ల వాటా తక్కువేమీ కాదు.

ఇంకొక మాట. 2019లో ప్రభుత్వం ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చి అక్కడ శాసనసభ భవనం కట్టాలనుకుంటే హైకోర్టు అడ్డుకుంది. నగరంలో ఒక్కొక్క భవనాన్నీ ఒక్కొక్క వ్యాజ్యంతో కాపాడుకోవలసిన స్థితిలో ఉన్నాం మనం.

మండపం:
నేను పెళ్లి మండపాల అలంకరణ వ్యాపారంలో ఉన్నాను, కాబట్టి మూసీతీరం గారు మొదట్లో ప్రస్తావించిన పెళ్లిళ్ల సంగతి నేను రాయడం సబబు అనుకుంటున్నాను. ఫలక్‌నుమాలో జరిగిన వేడుకల్లో దేశమంతా మాట్లాడుకున్నవి రెండు. 2014 నవంబరులో హిందీ నటుడు సల్మాన్ ఖాన్ సోదరి వివాహం మొదటిది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ ఇవాంకా ట్రంప్ బృందానికి ఇచ్చిన విందు రెండోది. ఆ రెండో దాంట్లో అతిథులు కూర్చున్నది పాతబస్తీ_పాఠకుడు గారు చెప్పిన 101 కుర్చీల భోజనశాలలోనే. అంటే 1906లో దేనికి పనికొచ్చిందో 2017లోనూ దానికే పనికొచ్చింది.

పాత భవనాల్లో వేడుక చేయడం మామూలు ఫంక్షన్ హాలులో చేసినట్టు కాదు. గోడకు మేకు కొట్టకూడదు. స్తంభాలకు తాళ్లు కట్టకూడదు. పూల చట్రాలు, దీపాల చట్రాలు అన్నీ నేల మీద సొంతంగా నిలబడే విధంగా తయారు చేసుకురావాలి, వాటి కాళ్ల కింద రాయి గీసుకుపోకుండా మెత్తని పలకలు వేయాలి. హోమం గదుల్లో పెట్టరు, బయట పచ్చికలోనే. పసుపు నీళ్లు, కుంకుమ, నూనె పాలరాతి మీద పడితే మరక పోదు, కాబట్టి మంగళస్నానాల వంటి తంతులకు వేరే చోటు చూసుకోవాలి. డప్పులూ, డీజే మోతా పరిమితిలోనే. జనరేటర్లు దూరంగా పెట్టి తీగలు నేల మీదుగా తీసుకురావాలి. అందుకనే ఇటువంటి చోట వేడుకలకు అతిథుల సంఖ్య తక్కువ, ఖర్చు ఎక్కువ. మన వైపు పెళ్లంటే రెండు వేల మంది భోజనాలకు కూర్చోవాలి, అటువంటి పెళ్లికి అది తగిన చోటే కాదు. సంపన్నులు సైతం ముఖ్యమైన తంతు అక్కడ చేసుకుని, రిసెప్షన్ మాత్రం పెద్ద కన్వెన్షన్ హాలులో పెట్టుకోవడానికి కారణం అదే.

తారామతి:
మండపం గారి వివరణ బాగుంది. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. నిజాం కాలంలో ఆ భోజనశాలకు ఆహ్వానం ఉన్నవాడే వెళ్లేవాడు, ఇప్పుడు డబ్బున్నవాడు వెళ్తున్నాడు. సామాన్యుడికి అప్పుడూ గేటు బయటే, ఇప్పుడూ గేటు బయటే. దీన్ని చరిత్ర కొనసాగింపు అని మురిసిపోవడానికి నాకు మనసొప్పడం లేదు.

చరిత్ర_విద్యార్థిని:
ఆ మాటను కాదనలేను. నా అభిప్రాయంలో ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. భవనం బతికిందా అన్నది ఒకటి, అది ఎవరిదిగా బతికింది అన్నది మరొకటి. మొదటిదానికి హోటల్ మంచి జవాబు ఇచ్చింది. అది మొదటి నుంచీ అతిథుల కోసమే మెరుగులు దిద్దుకున్న ఇల్లు కావడం వల్ల కొత్త పనికి దాని గదులను విరగ్గొట్టవలసిన అవసరం రాలేదు. ప్రస్తుతం అందులో 60 అతిథి గదులున్నాయి. దర్బారు గదులు, గ్రంథాలయం, భోజనశాల తమ పాత పనిలోనే ఉన్నాయి. పురానీ హవేలీనో, కింగ్ కోఠీనో ఇలా మార్చాలంటే ఇంత సాఫీగా సాగేది కాదు. రెండోదానికి హోటల్ దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది. బస చేయనివారికి కూడా ముందుగా బుక్ చేసుకుంటే సాయంత్రం తేనీటి విందుతో పాటు భవనం చూపించే ఏర్పాటు ఉంది. తెలంగాణ పర్యాటక సంస్థ వారాంతాల్లో నిజాం ప్యాలెస్‌ల యాత్రలో చౌమహల్లాతో పాటు ఫలక్‌నుమాను కూడా చేర్చి నడిపింది. చౌకైనదేమీ కాదు. ప్రభుత్వ పాఠశాలల పిల్లల కోసం ఏడాదిలో కొన్ని రోజులు కేటాయించమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదని నేననుకుంటున్నాను.

తారామతి:
ఆ చివరి ప్రతిపాదన అయితే నాకు పూర్తిగా సమ్మతమే. ముఖ్యంగా గుట్ట కింది బస్తీల బడులతో మొదలుపెట్టాలి.

వికారాబాద్‌వాసి:
మా జిల్లా బడులను కూడా ఆ జాబితాలో రాసుకోండి. ఇల్లు కట్టిన నవాబు పేరు మోస్తున్న ఊరు మాది.

మూసీతీరం:
అందరికీ కృతజ్ఞతలు. నా మూడు సందేహాల్లో మొదటి రెండిటికి స్పష్టమైన జవాబులు దొరికాయి. మూడోదాని మీద గచ్చుపని గారు చెప్పిన లీజు కోణం నాకు కొత్తది. ఖుర్షీద్ జా దేవిడి యాజమాన్యం, మరమ్మతుల సంగతులు, హిల్ ఫోర్ట్ ప్యాలెస్ వ్యాజ్యం వివరాలు విడిగా చర్చించదగినవి. ఆ రెండిటికీ వేర్వేరుగా చర్చలు తెరుస్తున్నాను. పాతకాగితాలు గారు, గచ్చుపని గారు అక్కడ కూడా రాయాలని మనవి.